జిగురంటే జిగురే అనుకున్నాను!

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో దానికి "గోడకి కాగితం అంటించి చూడు" అని కూడా చేర్చాలేమో! నవ్వకండి. ఆ పని తెలిసీ తెలియక చేసి, చీటీ డబ్బులు పోగొట్టుకున్నాను. డబ్బు పోతే పోయింది, ఇంట్లో పెద్దావిడ ఆరోగ్యం మీదికి తెచ్చాను. అందుకే నా అనుభవం మీతో చెప్పుకుంటున్నాను. మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

మా చిన్నప్పుడు జూన్ నెల వచ్చిందంటే, మా అమ్మ గిన్నెడు నీళ్లలో రెండు గరిటెల మైదా కలిపి పొయ్యి మీద పెట్టేది. అడుగంటకుండా తిప్పుతూ ఉంటే మొదట గంజిలా ఉండి, పోను పోను హల్వాలా మెరుస్తూ చిక్కబడేది. దించాక నాన్నగారు అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవారు, పురుగు పట్టకుండా. అది విషం కాబట్టి మేం ఆ గిన్నె ఛాయలకి వెళ్తే వీపు చిట్లేది. బడి పుస్తకాల అట్టలన్నీ ఆ జిగురుతోనే. సినిమా పోస్టర్లు అంటించేవాళ్లు కూడా బకెట్లలో మైదా జిగురే మోసుకెళ్లేవారు. గాలిపటం చిరిగితే నాలుగు అన్నం మెతుకులు చాలు. ఇలా పెరిగినదాన్ని కదా, జిగురంటే జిగురే, ఏదో ఒకటి పూస్తే అంటుకుంటుంది అనే నమ్మకం నా బుర్రలో పాతుకుపోయింది.

ఇక అసలు కథకి వస్తాను.

మాది కాకినాడ. మా మామగారు కట్టించిన పాత ఇల్లు. సముద్రం పక్క ఊరు కదా, గాలిలోనే ఉప్పూ తేమా ఉంటాయి. ముందు గది పడమటి గోడ 1996 నవంబరు తుఫానుకి బాగా నానింది. అప్పట్నుంచీ వానాకాలం వస్తే ఆ గోడ కింద మూడడుగుల మేర నల్లబడుతుంది. మామగారు ఉన్నన్నాళ్లూ ఏటా సున్నం వేయించేవారు. ఆయన పోయాక మేం తెలివిమీరి, ఆ సున్నం మీదే డిస్టెంపర్ కొట్టించాం.

2022లో మా అమ్మాయి పెళ్లయింది. 2023 సంక్రాంతి కొత్త అల్లుడుగారికి మొదటి పండగ. గోదావరి జిల్లాల్లో మొదటి పండగంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. పిండివంటల సంగతి సరే, ఆ ముందు గది పెచ్చుల గోడ చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. వియ్యాలవారు ఏమనుకుంటారు? చీటీ పాడగా వచ్చిన డబ్బులోంచి ఎనిమిది వేల చిల్లర పెట్టి, మూడు చుట్టలు వాల్‌పేపర్ తెచ్చాను. లేత మీగడ రంగు మీద ఆకుపచ్చ తీగలు. పైన మెత్తగా ప్లాస్టిక్ పూత, తడిగుడ్డతో తుడుచుకోవచ్చన్నారు.

కొట్టులో కుర్రాడు మంచివాడే. "ఏ గోడకండీ? చెమ్మేమైనా ఉందా? ఈ కాగితానికి దీని పేస్టే వాడాలండి" అని ఒక పొడి పొట్లం చూపించాడు. ధర విని, "ఈ పిండి పొట్లానికి అంత డబ్బా?" అనుకున్నాను. ఇంట్లో మంచాలు చేయించినప్పుడు మిగిలిన చెక్కపని తెల్ల జిగురు అర డబ్బా ఉంది. కర్రనే పట్టి ఉంచేది కాగితాన్ని పట్టలేదా అని నా లెక్క.

గోడ చూసి రంగుల పని అతను, "అమ్మగారూ, ఈ డిస్టెంపరంతా గీకెయ్యాలండి. తర్వాత లప్పం, ప్రైమరు. పది రోజుల పని" అన్నాడు. పండగ నాలుగు రోజుల్లో ఉంది. పైపైన గీకించి, నీళ్లు కలిపిన తెల్ల జిగురు పూయించి, అంటించేయమన్నాను.

మా అత్తయ్యగారు కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్నారు. "అమ్మాయ్, అది చెమ్మ గోడ. చెమ్మ గోడకి తొడుగు తొడిగితే లోపల కుళ్లిపోదూ? మీ మామగారు సున్నం ఎందుకు వేయించేవారనుకున్నావ్?" అన్నారు. "ఇప్పుడివన్నీ కొత్త రకాలండీ అత్తయ్యగారూ" అని ఆవిడ నోరు మూయించాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భోగి నాటికే రెండు అతుకుల దగ్గర అంచులు లేచాయి. గబగబా ఇంకాస్త జిగురు రాసి వేళ్లతో అదిమాను. అది ఆరి, కాగితం మీద నత్త పాకినట్టు మెరుస్తూ మరకలు పడ్డాయి. వాటికి అడ్డంగా పూలకుండీ పెట్టాను. పండగ గట్టెక్కింది. అల్లుడుగారు గది బాగుందన్నారు. నా మురిపెం ఇంతా అంతా కాదు.

పండగయ్యాక ఆ గది అత్తయ్యగారికి ఇచ్చాం. బాత్రూమ్ దగ్గర, పైగా అందంగా కూడా ఉంది కదా అని. ఆవిడ మంచం తలవైపు సరిగ్గా ఆ గోడకే వేశాం.

జులైలో వానలు పట్టుకున్నాయి. గదిలో తడి గోనెసంచి వాసన మొదలైంది. సాంబ్రాణి వేశాను. అత్తయ్యగారికి పొడిదగ్గు వచ్చింది. మిరియాల కషాయం ఇచ్చాను. ఆగస్టు వచ్చేసరికి రాత్రిళ్లు ఆయాసం. డాక్టరుగారు మందులు రాసి, "పడుకునే గదిలో చెమ్మగానీ బూజుగానీ ఉందా అమ్మా?" అని అడిగారు. లేదండీ, కొత్తగా వాల్‌పేపర్ కూడా వేశాం అని గొప్పగా చెప్పాను!

శ్రావణ మాసానికి వచ్చిన మా అమ్మాయి, మంచం వెనక లేచి ఉన్న అంచు పట్టుకుని లాగింది. జానెడు కాగితం ఊడొచ్చింది. వెనకాల గోడంతా నల్లగా, పచ్చగా బూజు. చెయ్యి పెడితే జిడ్డు. మా వారు ఒక్క మాటా అనలేదు. మంచం ఇవతలికి లాగి, అత్తయ్యగార్ని లేపి మా గదిలో పడుకోబెట్టారు. ఆవిడే, "నా దగ్గు వయసుతో వచ్చిందిలేవే, నువ్వు బెంగ పెట్టుకోకు" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి ఆవిడ మంచం పక్కనే చాప వేసుకుని, ఆవిడ ఊపిరి చప్పుడు వింటూ తెల్లవార్లూ కూర్చున్నాను.

దగ్గంతా ఆ బూజువల్లే అని డాక్టరుగారు అనలేదు. అయితే బూజు ఉన్న గదిలో ఉంటే ఆయాసం ఉన్నవాళ్లకి అది ఎక్కువవుతుందని మాత్రం గట్టిగా చెప్పారు. గది మారాక, మందులతో నెలా నెలన్నరలో ఆవిడ తేరుకున్నారు. బతికించారు దేవుడు!

పొరపాటు ఎక్కడ జరిగింది?

తర్వాత ఆ కొట్టుకీ, రంగుల పని అతని దగ్గరికీ వెళ్లి అన్నీ అడిగి తెలుసుకున్నాను. అప్పుడు అర్థమైంది, జిగురు ఎంత గట్టిదని కాదు చూడాల్సింది, దానికి అటూ ఇటూ ఏముందని. ఒకవైపు గోడ, ఇంకోవైపు కాగితం. ఆ రెండూ తెలియకుండా జిగురు కొనడం, ఒంట్లో ఏముందో తెలియకుండా మందు మింగడం లాంటిది.

నా గోడ మీద సున్నం, దాని మీద డిస్టెంపర్. రెండూ చేత్తో రాస్తే పొడి రాలేవే. జిగురు పట్టుకున్నది గోడని కాదు, ఆ పొడిని. పొడి రాలగానే దాంతోపాటు కాగితమూ వచ్చింది. ఇక కాగితానికి ఉన్న ప్లాస్టిక్ పూత వినైల్. అందులోంచి తేమ బయటికి పోదు. గోడలో చెమ్మ ఇవతలికి రాలేక, కాగితం వెనకే నిలిచిపోయింది. చీకటి, తడి, కాగితపు పీచు. బూజుకి ఇంకేం కావాలి?

తెల్ల జిగురు చెక్కకి మంచిదే, దాని తప్పేమీ లేదు. కానీ వాల్‌పేపర్ అంటించేటప్పుడు పువ్వుకి పువ్వు కలిసేలా కాగితాన్ని అటూ ఇటూ జరుపుకోవాలి. తెల్ల జిగురు త్వరగా పట్టేసి అలా జరపనివ్వదు. అతుకుల్లోంచి బయటికి వస్తే ఆరి మరకవుతుంది. పైగా ఆరాక మామూలు పేస్టులా నీళ్లకి కరిగిపోదు. కింది చెమ్మ చోట ఊడిపోయిన కాగితం, పై పొడి చోట మాత్రం లప్పాన్నీ గచ్చునీ పట్టుకుని పెచ్చులు పెచ్చులుగా లేచింది. వాల్‌పేపర్ పేస్టయితే గోరువెచ్చని నీళ్లతో నానబెడితే కాగితం వదిలేస్తుంది. అంటుకోవడమే కాదు, మనకి కావాల్సినప్పుడు గోడని పాడుచేయకుండా వదలడం కూడా మంచి జిగురు లక్షణమేనండీ.

మా అమ్మాయి ఇంకో విషయం చెప్పింది. పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాలో ఆకుపచ్చ వాల్‌పేపర్ అంటే మోజట. ఆ పచ్చరంగులో పాషాణం, అదే ఆర్సెనిక్ ఉండేది. చెమ్మకి బూజు పడితే, ఆ బూజు పాషాణాన్ని వాయువుగా మార్చగలదని 1890లలో గోసియో అనే ఇటలీ వైద్యుడు ప్రయోగాలు చేసి చూపించాడట. ఇప్పటి వాల్‌పేపర్లలో ఆ రంగు లేదు, భయపడకండి. కానీ చెమ్మా, బూజూ మాత్రం ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నాయి!

ముందు గోడని అడగండి

చెమ్మ ఉందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటి ఉంది. మూరెడు మందపాటి ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి, ఒక రోజంతా ఉంచండి. మర్నాడు తీసి చూస్తే, గోడవైపు నీటి చుక్కలు ఉన్నాయా, ఆ గోడలో చెమ్మ ఉన్నట్టే. గోడ మీద తెల్లగా ఉప్పు పొర లేచినా అదే అర్థం. అలాంటి గోడకి ఏ జిగురూ పనికిరాదు. ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూసి బాగు చేయించాలి. మా ఇంట్లో డాబా మీది వాననీటి గొట్టం పగిలి, ఆ నీళ్లు గోడలోకే దిగుతున్నాయి. ఇన్నేళ్లూ ఎవరం చూడలేదు!

తర్వాత అరచేత్తో గోడ రుద్దండి. చేతికి పొడి అంటితే పూర్తిగా గీకించాల్సిందే. లప్పం పెట్టి, గరుకు కాగితంతో నునుపు చేసి, ప్రైమర్ వేసి, బాగా ఆరనివ్వాలి. ఆయిల్ పెయింటు నున్నగా మెరిసే గోడయితే గరుకు కాగితంతో రుద్ది కొంచెం గరుకు చేయాలి. లేకపోతే జిగురు పట్టదు.

తర్వాత కాగితం వీపు చూడండి

చీర కొనేటప్పుడు తిరగేసి చూస్తాం కదా, వాల్‌పేపర్‌ని కూడా అలాగే తిరగేసి చూడాలి. జిగురు పట్టేది వీపుకే.

వెనకవైపు మామూలు కాగితం ఉంటే, వాల్‌పేపర్‌కని అమ్మే పొడి పేస్టు సరిపోతుంది. పిండిపదార్థంతోనో, చెట్ల పీచునుంచి తీసే సెల్యులోజుతోనో చేస్తారు దాన్ని. పేస్టు కాగితానికి పూసి, పూసిన వైపు లోపలికి మడిచి, చుట్ట మీద రాసి ఉన్నన్ని నిమిషాలు నాననివ్వాలి. తడికి కాగితం కాస్త సాగుతుంది. నానకుండా అంటిస్తే గోడ మీద సాగి పొక్కులు వస్తాయి.

వెనకవైపు మెత్తటి పీచుగుడ్డలా ఉంటే దాన్ని నాన్‌వోవెన్ అంటారు. ఇది తడికి సాగదు. కాబట్టి పేస్టు గోడకే పూసి, కాగితాన్ని పొడిగా అంటించుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇదే తేలిక.

గుడ్డ వీపు ఉన్న బరువైన వినైల్ రకాలకి పల్చటి పేస్టు ఆగదు. వాటికని డబ్బాల్లో కలిపి అమ్మే చిక్కటి వినైల్ పేస్టు, అందులోనూ బూజు పట్టకుండా మందు కలిపినది అడగండి. పట్టు గుడ్డ, గడ్డి అల్లిక లాంటి ఖరీదైన రకాలకి తడి తక్కువగా ఉండే పేస్టు కావాలి. వాటి ముఖం మీద చుక్క పడినా మరక పోదు. ఇలాంటివి పని తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మేలు.

వెనకే జిగురుండి స్టిక్కర్‌లా అంటించే రకం బీరువా తలుపులకీ, నున్నటి పెయింటు గోడలకీ బాగుంటుంది. పొడి రాలే గోడలకి, గరుకు గోడలకి వద్దు.

మరి అమ్మ చేసే మైదా జిగురో? ఉత్త కాగితానికి అది పనికొస్తుంది. కానీ మన వాతావరణంలో దానికి బూజూ, బొద్దింకలూ, వెండి పురుగులూ పడతాయి. వాటికోసమని పిల్లలు తిరిగే ఇంట్లో మైలుతుత్తం కలపొద్దు. వినైల్ కింద మైదా జిగురు అసలే వద్దు.

కలపడం, అంటించడం

పొడి పేస్టు కలపడం ఉప్మా చేసినట్టే. బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, కర్రతో తిప్పుతూ పొడిని సన్నగా వదలాలి. పొడి మీద నీళ్లు పోస్తే ఉండలు కట్టి ఇక విడవవు. నీళ్ల కొలత పొట్లం మీద రాసినంతే. కాస్త ఊరనిచ్చి, మళ్లీ తిప్పి వాడాలి.

ఎన్ని చుట్టలు కావాలో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. మామూలు చుట్ట 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు, అంటే సుమారు 57 చదరపు అడుగులు. మా గోడ పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు. ఏడు ముక్కలు పడతాయి, చుట్టకి మూడు ముక్కలు వస్తాయి. కాబట్టి మూడు చుట్టలు. పెద్ద పెద్ద పువ్వులుంటే కలపడానికి కాగితం పోతుంది, ఇంకోటి ఎక్కువ తీసుకోండి.

గోడంతా ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక మూల జానెడు ముక్క అంటించి, రెండు రోజులు చూడండి. అంచులు లేవకపోతే, మరక పడకపోతే అప్పుడు సాగండి. స్విచ్ బోర్డుల దగ్గర పని చేసేటప్పుడు మెయిన్ కట్టేయడం మరవకండి. మొదటి ముక్క తూకం గుండు వేలాడదీసి గీసిన గీత మీదే అంటించాలి. అది వంకరైతే గోడంతా వంకరే! అతుకుల దగ్గర బయటికొచ్చిన పేస్టు ఆరకముందే తడి స్పాంజితో తుడిచేయండి. ఆరిపోవాలని ఫ్యాను జోరుగా తిప్పొద్దు. త్వరగా ఆరితే కాగితం ముడుచుకుని అతుకులు విచ్చుకుంటాయి.

మళ్లీ మొదలుపెట్టాను

బూజు పట్టిన కాగితం తీసేటప్పుడు ముక్కుకి మాస్కు కట్టుకుని, కిటికీలు తెరిచి, గోడ తడిపి తీశాం. పొడిగా గీకితే బూజు గదంతా ఎగురుతుంది. వానగొట్టం మార్పించాం, గోడ బయటి పగుళ్లు పూడ్పించాం. ఎండలకి బాగా ఆరనిచ్చి, 2024 ఏప్రిల్‌లో ప్లాస్టిక్ కాగితం పరీక్ష చేశాను. పైన పొడిగానే ఉంది. కింద అడుగు మేర మాత్రం ఇంకా నీటి చుక్కలు!

ఈసారి అత్తయ్యగారినే అడిగాను, "ఏం చేద్దామంటారు?" అని. "ఆ గోడకి సున్నమే వెయ్యండర్రా. దాన్ని ఊపిరి తీసుకోనివ్వండి. నీకు కాగితం సరదా అయితే ఇటు గోడకి అంటించుకో" అన్నారు. ఇటు గోడంటే రెండు గదుల మధ్య ఉన్న లోపలి గోడ. దానికి వాన తగలదు. ప్లాస్టిక్ పరీక్షలో రెండుసార్లూ పొడిగానే ఉంది.

ఊడిన చోట సున్నపు గచ్చు చేయించి, పడమటి గోడకి తెల్లగా సున్నం వేయించాం. లోపలి గోడ డిస్టెంపర్ మొత్తం గీకించి, లప్పం పెట్టించి, ప్రైమర్ వేయించి, నాన్‌వోవెన్ రకం కాగితం, దానికి చెప్పిన పొడి పేస్టు తెచ్చాను. ఈసారి పొట్లం ధర చూసి నోరెత్తలేదు. నేనూ మా వారూ కలిసి రెండు రోజుల్లో అంటించాం. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. ఒక్క అంచు లేవలేదు.

అత్తయ్యగారు మళ్లీ ఆ గదిలోనే పడుకుంటున్నారు. మంచం తలవైపు లోపలి గోడకి మార్చాం. రాత్రి ఒకసారి నిద్రలేచి, ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి చెవి ఒగ్గి వినడం నాకు అలవాటైపోయింది. ఊపిరి తేలిగ్గా వినిపిస్తే వెళ్లి పడుకుంటాను.

మీరూ గోడకి కాగితం వేయాలనుకుంటే వేయండి, ఎంతో అందంగా ఉంటుంది. కాకపోతే కొట్టుకి వెళ్లేముందు గోడ రుద్ది చూడండి. కొనేముందు కాగితం తిరగేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఆ గోడ సంగతి వాళ్లనొక్కసారి అడగండి. పొట్లం కొనడం వీటన్నిటి తర్వాతేనండీ!